అందరూ కొరికే చేప

తెర మీద ఆ ఎర్రచేప బొమ్మ కనబడగానే హైమవతి నవ్వేసింది.

"నళినీ, ఇలా రా. మన యంత్రానికి మతి పోయింది చూడు."

యంత్రం పేరు కుదురు. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డిచుట్ట గుర్తొచ్చి ఆ పేరు ఆమే పెట్టింది. భీమిలి వెళ్ళే దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ ప్రయోగశాలలో జుట్టు నెరిసేదాకా దానితోనే కాపురం చేసింది. భయపడినప్పుడు మనిషికి చెమట పట్టినట్టే చేప కూడా మొప్పల్లోంచి నీళ్ళలోకి ఏదో వదులుతుంది. తొట్టి గోడల వెంట వేలాడే వెంట్రుకలంత సన్నని తీగలు దాన్ని పసిగడతాయి. ఏ చేప ఎవరిని చూసి ఎంత బెదిరిందో తెర మీద గీతలుగా గీస్తాయి. ఒక్కో చేపకి ఒక్కో గీత. ఆ గీతలన్నీ చదివి, ఏయే చేపలు ఒకే తొట్టిలో ఒకదాన్నొకటి చంపుకోకుండా బతుకుతాయో కుదురు ఎంచి చెబుతుంది.

ఈసారి అడిగింది ఊళ్ళో కొత్తగా కడుతున్న హోటల్ యజమాని. మేడంత ఎత్తు ఉప్పునీటి తొట్టి కట్టించాడు. "ముద్దొచ్చే చేపలు పెళ్ళి హాళ్ళలో కూడా ఉంటాయి మేడం. మా హాల్లోకి వచ్చినవాడు అన్నం మాట మరిచిపోయి నిలబడిపోవాలి. పళ్ళున్నవి కావాలి నాకు," అన్నాడు.

పళ్ళున్నవాటికి కొదవ లేదు. బండకింద నోరు తెరుచుకుని కాచుకునే బొంత, ఎదురుపడిన ప్రతిదాన్నీ కొరికి చూసే ట్రిగ్గరు, రాతి సందుల్లో చుట్టుకునే పాము చేప, కోపమొస్తే బంతిలా ఉబ్బే ముళ్ళ చేప. దేనికదే రాజు. వాటి సరసన కుదురు ఎంచిన ఐదోది, వలలో పొరపాటున పడి వచ్చిన ఈ పెద్దకళ్ళ ఎర్రచేప. కోరపళ్ళు లేవు, కోపం లేదు, పరిగెత్తడం కూడా సరిగ్గా రాదు.

నళిని తొంగి చూసింది. హైమవతి దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల, శ్రీకాకుళం అమ్మాయి, నోటికి అడ్డూ ఆపూ లేదు. "రాజులకి ఓ నౌకరు కావాలంటంది కాబోలు మేడం," అంది.

ఇద్దరూ నవ్వుకుని ఎర్రచేపని పక్కన పెట్టేశారు. మిగతా నాలుగూ చాలనుకున్నారు.

చాల్లేదు. ప్రయోగశాలలోని పెద్దతొట్టిలో దింపిన మధ్యాహ్నమే ట్రిగ్గరు ముళ్ళ చేప తోకని చింపేసింది. ఇలాంటప్పుడు చేపలవాళ్ళందరూ చేసే పని ఒకటుంది. రాళ్ళన్నీ ఎత్తి వేరేచోట్ల పేరుస్తారు. ఏది ఎవరి ఇల్లో తెలియక చేపలు కాసేపు తగువు మానుకుంటాయి. నళిని మోచేతులదాకా ఉప్పునీళ్ళలో ముంచి రాళ్ళు మార్చింది. తెల్లారేసరికి ముళ్ళ చేప లేదు. బొంత గొంతులో దాని ముళ్ళు అడ్డంపడి అది కూడా వెల్లకిలా తేలింది. కొత్త చేపలు తెప్పించి మళ్ళీ వేశారు. మళ్ళీ అంతే.

చివరికి విసుగొచ్చి, "సరే, దాని మాటే విందాం," అని ఎర్రచేపని కూడా వేశారు.

ట్రిగ్గరు వచ్చి దాన్ని ఒక్క కాటు కొరికి వెళ్ళిపోయింది. వెళ్ళి రాళ్ళ మధ్య హాయిగా తిరగసాగింది. పాము చేప సందులోంచి తల చాచి ఓసారి తరిమింది. బొంత ఓ గుద్దు గుద్దింది. ఒకదాన్నొకటి ముట్టుకోలేదు. తెర మీద నాలుగు గీతలూ వేసవిలో సముద్రంలా నెమ్మదించాయి. ఐదో గీత మాత్రం పైకీ కిందకీ కొట్టుకుంటూనే ఉంది.

నళిని నవ్వలేదు. "మేడం, ఇది ఎంచింది స్నేహితుల్ని కాదు," అంది.

హైమవతికి అర్థమయింది. నాలుగు క్రూరమైన చేపలు కలిసి బతకాలంటే ఐదోది ఉండాలి. అందరూ కొరకడానికి ఒకటి. చావకూడదు, తిరగబడకూడదు. అలాంటిది ఏదో కుదురు వెతికి పెడుతోంది. ఇన్నేళ్ళు తాను కనిపెడుతున్నానని అనుకున్నది వేరు, కనిపెట్టింది వేరు.

ఆ సాయంత్రం ఇంట్లో చారు ఉప్పగా కుదిరింది.

"ఓలమ్మీ పైడీ, సముద్రం మోసుకొచ్చి చారులో ఒంపీసినావేటే?" అంది అత్తగారు అప్పలనరసమ్మ.

"కళ్ళు ముందే పోనాయి. నాలిక కూడా పోనట్టుంది అప్పకి," అన్నాడు హైమవతి భర్త సన్యాసిరావు, చారుగిన్నె పక్కకి నెట్టేస్తూ.

"నా బీపీ పెంచాలనే వేసుంటారు పెద్దమ్మగారు," అంది కోడలు హారిక. ఏడో నెల కడుపుతో ఉంది. ఆమె భర్త, అంటే హైమవతి కొడుకు, ఓడల మీద ఉద్యోగం చేస్తాడు. ఎప్పుడో గాని ఒడ్డెక్కడు.

పైడమ్మ సన్యాసిరావుకి అప్ప, అంటే అక్క. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చి, ఆ వంటింట్లోనే ముసలిదైంది. "రేపు సూసి ఏస్తాన్లే," అని అందరికీ మజ్జిగ వడ్డించింది. అంతే, ఇల్లు తేలికపడింది. అత్తగారు మనవడి కబుర్లు ఎత్తుకుంది, హారిక మామగారితో పందెం వేసింది పుట్టేది ఆడపిల్లేనని. చుట్టుపక్కల ఎవరింట్లో చూసినా అత్తాకోడళ్ళ కేకలే. ఈ ఇంట్లోనే అంత పొందిక ఎలా వచ్చిందని వీధివాళ్ళు ఆశ్చర్యపోతారు.

హైమవతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ట్రిగ్గరు, పాము చేప, బొంత. ఒక్కో కాటు కొరికి హాయిగా రాళ్ళ మధ్యకి వెళ్ళిపోయాయి. ఆమెకి కలగాల్సింది జాలి. కలిగింది నిశ్చింత. తన ఇల్లు ఎందుకు నిలబడిందో తెలిసింది, అంతే చాలనిపించింది.

ఇది జరిగిన కొద్దిరోజులకే పైడమ్మ కంటికి ఆపరేషనయింది. వంగకూడదు, పొయ్యి సెగ తగలకూడదు అన్నాడు డాక్టరు. బొబ్బిలిలో టిఫిన్ కొట్టు నడుపుతున్న ఆమె చిన్ననాటి స్నేహితురాలు రాములమ్మ కబురు తెలిసి బస్సెక్కి వచ్చింది. "నా దగ్గరుంటాది కొన్నాళ్ళు," అని తీసుకుపోయింది.

అదే వారంలో ప్రయోగశాలలో ఎర్రచేపకి ఒళ్ళంతా పుళ్ళు పడ్డాయి. అది చచ్చిపోతే హోటల్ తొట్టి ఖాళీయే. అందుకని దాన్ని తీసి, మందునీళ్ళు కలిపిన చిన్న తొట్టిలో ఒంటరిగా పెట్టించింది హైమవతి. పుళ్ళు మానితే మళ్ళీ పెద్దతొట్టిలోకే. మాన్పడం అందుకే.

రెండుచోట్లా ఒకేసారి మొదలైంది. ప్రయోగశాలలో పాము చేపా ట్రిగ్గరూ కలబడ్డాయి. ఇంట్లో అప్పలనరసమ్మ హారిక మీద పడింది. కూరలో కారమన్నది, స్నానానికి అంతసేపా అన్నది, ఓడ మీది మొగుడికి ఫోన్లో ఏం ఎక్కిస్తున్నావన్నది. సన్యాసిరావు తల్లి మీద అరిచాడు, తర్వాత పెళ్ళాం మీద అరిచాడు, ఆఖరికి కంచం విసిరాడు. అది గోడకి తగిలి హారిక కాళ్ళ దగ్గర పడింది.

"నేను రాజాం వెళ్ళిపోతున్నాను అత్తయ్యా," అంది హారిక. ఏడవలేదు. చీరలు సంచిలో సర్దుకుంటోంది. "కాన్పు మా అమ్మ దగ్గరే. ఆ తర్వాత కూడా అక్కడే. ఈ ఇంట్లో పాపని పెంచను."

"కోపంలో అంటున్నావమ్మా."

"కాదు. ఇదివరకు ఈ ఇల్లు ఇలా ఉండేది కాదు. ఎప్పుడూ ఇలాగే ఉండేదేమో, నాకు తెలియలేదేమో."

హైమవతి ఆ సంచి వైపు చూసింది. కొడుకు ఓడెక్కిన ప్రతిసారీ రేవు దగ్గర నిలబడి, ఓడ కనుమరుగయ్యాక కూడా చెయ్యి దించలేని మనిషి ఆమె. ఇప్పుడు కోడలు, ఇంకా పుట్టని మనవరాలు. సంచి గుమ్మం దాటితే ఆ పసిదాని ముఖం ఫోటోల్లో చూడాల్సిందే. "రెండ్రోజులు ఆగు," అంది హారిక చెయ్యి పట్టుకుని. "అంతా మామూలైపోతుంది. నా మాట నమ్ము."

హారిక నమ్మింది.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలలో నళిని పరుగెత్తుకొచ్చింది. "మేడం, ఎర్రచేప తీగ తెగిపోయింది. గీత రావట్లేదు."

తెర మీద ఐదో గీత తిన్నగా పడుకుని ఉంది, తాడు లాగి కట్టినట్టు. తీగ మార్చారు. మళ్ళీ తిన్నగానే. వేరే చేపని పెట్టి చూశారు. తీగ బాగానే ఉంది.

"చచ్చిపోయిందా?"

"లేదు మేడం, రొయ్యపొట్టు తింటంది. చిరిగిన రెక్కలు కూడా మళ్ళీ మొలిసినాయి. ఎరుపు ఎలా తేలిందో చూడండి."

హైమవతి చూసింది. అద్దం దగ్గర ఎర్రచేప మెల్లగా తిరుగుతోంది, ఎక్కడికీ వెళ్ళాల్సిన పనిలేనట్టు. ఇన్నేళ్ళలో ఆ తెర మీద అలాంటి గీత వాళ్ళెప్పుడూ చూడలేదు. భయాన్ని కొలవడానికే పుట్టిన యంత్రం అది. దాని ముందు కూర్చునీ కూర్చునీ, చేప బతికుందంటే గీత ఎంతోకొంత వణకాలని వాళ్ళకి అలవాటైపోయింది. భయం లేని చేప ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

"లోపల ఏదో జబ్బు," అంది హైమవతి. "ఒంటరిగా ఉంచితే ఇలాగే నీరసించి పోతుంది. పెద్దతొట్టిలో చిల్లుల పెట్టె దించి అందులో పెట్టు. అవి దాన్ని చూస్తాయి, ఇది వాటిని చూస్తుంది. రేపు వదిలేద్దాం."

"ఇంకొన్నాళ్ళు..."

"హోటల్ వాళ్ళు తొందరపెడుతున్నారు. నేను బొబ్బిలి వెళ్ళొస్తాను."

బొబ్బిలిలో రాములమ్మ కొట్టు దగ్గర మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. రాములమ్మ పెనం దగ్గరుంది. నీడలో స్టూలు మీద కూర్చుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చట్నీ వడ్డిస్తోంది పైడమ్మ. తలలో మల్లెపూలు.

"పైడమ్మక్కా, ఇంకో గరిటె ఎయ్యి," అన్నాడో లారీ డ్రైవరు.

"అది పొట్టా, లారీ ట్యాంకా? ఎంత పోసినా సాలదేటి?" అంది పైడమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆవిడ కూడా నవ్వింది, పళ్ళన్నీ కనబడేలా, ఒళ్ళంతా ఊగేలా.

ఇంతకాలం కలిసి బతికినా హైమవతి ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు. ఈవిడకి ఏమైందోనని కంగారు పడింది ముందు. మత్తుమందు తలకెక్కిందా, మతి తప్పిందా అనుకుంది. తీగ తెగిందనుకున్నట్టే.

"హైమా! ఓలమ్మో, నువ్వెప్పుడొచ్చినావు? కూకో, ఇడ్లీ తిను," అంటూ లేచింది పైడమ్మ.

"అత్తమ్మకి బాగోలేదు వదినా. నిన్నే తలుచుకుంటోంది."

రెండో మాట నిజమే. పొద్దున లేచింది మొదలు పైడి ఉంటే ఇలా అయ్యేదా, పైడి ఉంటే అలా అయ్యేదా అని అత్తగారు గొణుగుతూనే ఉంది.

పైడమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కాసేపు చట్నీ గిన్నెలోకి చూసింది. తర్వాత చేతులు కడుక్కుని సంచి తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

రాములమ్మ పెనం దించి బస్సు దాకా వచ్చింది. ఇడ్లీలు ఆకులో కట్టి సంచిలో పెట్టింది. పైడమ్మ తలలో జారిన పూలదండ సరిచేసింది. "కంట్లో మందు మర్సిపోకు. వంగి ఊడవమాకు, సెప్తన్నాను," అంది. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరకొచ్చి హైమవతి వైపు తిరిగింది. "అమ్మా, సదువుకున్నదానివి. దీన్ని ఎందుకు తీసుకెల్తన్నావో నీకు తెలుసు గదా?"

"అత్తమ్మకి..."

"సర్లే," అంది రాములమ్మ. చెయ్యి ఊపలేదు. బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు మధ్యలోనే నిలబడింది. వెనక నుంచి లారీ హారన్ కొడుతున్నా తప్పుకోలేదు.

పైడమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. విజయనగరం దగ్గర పడుతుండగా నళిని ఫోన్ చేసింది.

"మేడం, ఎర్రచేప పోనాది."

"ఏది కొరికింది?"

"ఏదీ కొరకలేదు మేడం. ఇంకా చిల్లుల పెట్టెలోనే ఉంది కదా. నేను దించగానే ట్రిగ్గరూ, పాము చేపా, బొంతా వచ్చి పెట్టె ముందు నిలబడ్డాయి. మీదపడనేలేదు. చుట్టం కోసం గుమ్మంలో కాసుకున్నట్టు వరసగా నిలబడి చూశాయి, అంతే. గీత ఒక్కసారి తెర దాటిపోయేంత లేచింది. తర్వాత పడిపోయింది." నళిని ముక్కు చీదుకుంది. "దానికి జబ్బేమీ లేదు మేడం. మనకే తెలీలేదు."

హైమవతి ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. బస్సు విజయనగరంలో ఆగింది. పక్కనే బొబ్బిలి బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది, కండక్టరు కేకలేస్తున్నాడు. ఆ కేకలకి పైడమ్మ కళ్ళు తెరిచింది. ఆ బస్సు వైపు చూసింది. ఆపరేషనయిన కన్ను ఇంకా ఎర్రగా ఉంది.

"హైమా. అమ్మకి నిజంగా బాగోలేదేటి?"

ఒక్క మాట చాలు. లేదు వదినా, బాగానే ఉంది, నువ్వెళ్ళిపో అంటే చాలు. సంచి చేతికిచ్చి ఆ బస్సెక్కిస్తే చాలు. ఆ మాట హైమవతి నాలుక చివరి దాకా వచ్చింది. దాని వెనకే గుమ్మం దగ్గర సర్ది పెట్టిన హారిక సంచి కళ్ళముందు కనబడింది.

"నిజమే వదినా," అంది.

బొబ్బిలి బస్సు వెళ్ళిపోయింది.

ఆటో ఇంటి ముందు ఆగేసరికి అందరూ బయటే ఉన్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఆటో చప్పుడు విని ఎవరికి వాళ్ళే వచ్చి అరుగు మీద వరసగా నిలబడ్డారు. అప్పలనరసమ్మ కర్ర సాయం కూడా లేకుండా రాయిలా నిలబడింది. సన్యాసిరావు ఎదురొచ్చి సంచి అందుకున్నాడు. హారిక కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వుతోంది. అందరి ముఖాల్లోనూ ప్రేమే. నటన కాదు.

పైడమ్మ గేటు దగ్గర ఆగిపోయింది. తల్లిని చూసింది. తర్వాత హైమవతి వైపు చూసింది.

"ఎంత బాగున్నారో పెద్దమ్మగారూ!" అంది హారిక. "పదేళ్ళు తగ్గిపోయారు."

"కన్ను ఎలాగుందప్పా?" అన్నాడు సన్యాసిరావు, నిజంగానే.

అప్పలనరసమ్మ నోరు తెరిచి మూసేసింది. కొత్త నవ్వు ఛాయలు ఇంకా ముఖాన ఉన్న ఈ మనిషి వాళ్ళకి తెలిసిన పైడి కాదు. ఎవరో చుట్టం వచ్చినట్టుంది. చుట్టాన్ని ఎలా అంటారు? ఎవరికీ మొదలుపెట్టడం చేతకాలేదు. ఆ మౌనం అలాగే సాగితే ఏమయ్యేదో, బహుశా ఈ ఇంట్లో ఇంకో రకం రోజులు మొదలయ్యేవేమో. హైమవతి మాత్రం హారిక ముఖం చూసింది, అత్తగారి ముఖం చూసింది. ఈ కోపమంతా ఇప్పుడు ఎటు పోతుందోనని ఆమె అరిచేతులకి చెమట పట్టింది.

"ఏటొదినా, ఈ వయసులో ఆ మల్లెపూలేటి?" అంది హైమవతి. "కొట్టు ముందు కూర్చుని లారీవాళ్ళతో పరాచికాలాడుతోంది అత్తమ్మా మీ కూతురు, చూడాల్సిందే!"

అప్పలనరసమ్మ ఫక్కున నవ్వింది. "ఓలమ్మీ! లారీవోల్లతోటా? మొగుడు ఒదిలీసినప్పుడు ఈ తెలివి ఎక్కడికెల్లిందే?" సన్యాసిరావు నవ్వాడు. హారిక కూడా నవ్వింది, ఆపుకోబోయి ఆపుకోలేక. అరుగు మీద అందరి భుజాలూ ఒక్కసారి వదులయ్యాయి. అత్తగారు హారిక వీపు నిమిరింది. "పద తల్లీ, లోపలికి పద. ఎండలో నిలబడకు."

పైడమ్మ తలలోంచి పూలదండ తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి గేటు పక్క గోడ మీద పెట్టింది. చెప్పులు విప్పడానికి వంగింది. వంగకూడదన్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి గిన్నెల చప్పుడు వినబడింది. హారిక సంచిలోంచి చీరలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కలిసి భోంచేశారు.

నళిని మళ్ళీ ఫోన్ చేసింది. "మేడం, హోటల్ వాళ్ళు అడుగుతున్నారు. ఇంకో ఎర్రచేపని తెప్పించమంటారా?"

"తెప్పించు," అంది హైమవతి. "రెండు తెప్పించు. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలి."

ఆ మాట అంటున్నప్పుడు, ఆమెకి తెలియకుండానే, ఆమె చూపు వసారాలో కూర్చుని పాప కోసం ఊలుటోపీ అల్లుతున్న హారిక మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది.